మేనిఛాయ వ్యామోహం – చర్మ విజ్ఞానం

ఎండను వెతుక్కుంటూ వెళ్ళేవారు కొందరు, ఎండను తప్పించుకుంటూ నడిచేవారు కొందరు. ఈ ఉభయులూ ఒకే వీధిలో పక్కపక్కనే కాపురముండే ఊళ్ళలో వర్జీనియా రాష్ట్రంలోని ఆష్‌బర్న్ ఒకటి. లౌడన్ కౌంటీలో, డల్లెస్ విమానాశ్రయానికి చేరువలో ఉన్న ఈ ప్రాంతం ఒకనాడు పొలాలకూ పాడికీ పెట్టింది పేరు. నేడు అది డేటా సెంటర్లకు పేరెన్నికగన్నది. 2022 నవంబరులో వాషింగ్టన్ మెట్రో రైలు కూడా అక్కడికి చేరింది. కంప్యూటర్ ఉద్యోగాల వెంట తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో వచ్చి స్థిరపడ్డాయి. వేసవిలో ఆ కాలనీల ఈతకొలనుల వద్ద ఒక దృశ్యం కనిపిస్తుంది. తెల్లజాతి యువతి నూనె రాసుకుని ఎండలో పడుకుంటుంది. ఆమె ఈడు తెలుగు అమ్మాయికి మాత్రం "ఇక చాలు, నల్లబడిపోతావు, లోపలికి రా" అన్న పిలుపు వినిపిస్తుంది.

ఒకరికి నలుపు కావాలి, మరొకరికి తెలుపు కావాలి. మొదటివారి కోసం దీపాల మంచాలూ, టానింగ్ లోషన్లూ ఉన్నాయి. రెండవవారి కోసం తెల్లబరిచే క్రీములు ఉన్నాయి. చూపులకు ఈ రెండూ ఎదురెదురు వ్యాపారాలు. కాని లోతుగా పరిశీలిస్తే రెండింటి పెట్టుబడి ఒక్కటే: పుట్టిన రంగు పట్ల అసంతృప్తి. రెండింటి వల్లా నష్టపోయేది కూడా ఒక్కటే: చర్మం. తెలుగు ఇళ్ళలో మొదటి వ్యాపారాన్ని చూసి నవ్వుకోవడం, రెండవదాన్ని దొడ్డిదారిన లోపలికి రానివ్వడం పరిపాటి అయింది. ఈ ద్వంద్వనీతి విజ్ఞానశాస్త్రం ముందు నిలువదు.

మెలనిన్ అనే గొడుగు

చర్మపు పైపొర అడుగున మెలనోసైట్లు అనే కణాలు ఉంటాయి. నల్లనివారిలోనూ, తెల్లనివారిలోనూ వీటి సంఖ్యలో చెప్పుకోదగ్గ భేదం లేదు. ఈ కణాలు టైరోసిన్ అనే అమినో ఆమ్లం నుంచి, టైరోసినేజ్ అనే ఎంజైము సాయంతో మెలనిన్ అనే వర్ణకాన్ని తయారుచేస్తాయి. అది గోధుమ, నలుపు వన్నెల యూమెలనిన్‌గా గాని, ఎరుపు, పసుపు వన్నెల ఫియోమెలనిన్‌గా గాని రూపొందుతుంది. వర్ణకం చిన్నచిన్న పొట్లాలుగా ఇరుగుపొరుగు కణాలకు పంపిణీ అవుతుంది. ఏ రకం వర్ణకం ఎంత తయారైంది, పొట్లాలు ఎంత పెద్దవి, ఎలా అమరినవి అన్న విషయాల మీదనే మేనిఛాయ ఆధారపడి ఉంటుంది. కణాలలోకి చేరిన మెలనిన్ కేంద్రకం పైభాగాన గొడుగు పట్టినట్లు నిలిచి, లోపలి డీఎన్‌ఏను అతినీలలోహిత కిరణాల నుంచి కాపాడుతుంది.

ఎండ తగిలినప్పుడు చర్మం నల్లబడటానికి కారణం ఏమిటి? 2007లో వెలువడిన పరిశోధన ఈ ప్రశ్నకు స్పష్టమైన సమాధానం ఇచ్చింది. అతినీలలోహిత కిరణాలు చర్మకణాల డీఎన్‌ఏను గాయపరుస్తాయి. ఆ గాయాన్ని పీ53 అనే ప్రోటీను గుర్తిస్తుంది. అది ఇచ్చిన హెచ్చరికతో ఒక హార్మోను విడుదలై, మరింత మెలనిన్ తయారుచేయమని మెలనోసైట్లను ప్రేరేపిస్తుంది. అంటే కమిలిన ఛాయ ఆరోగ్యానికి గుర్తు కాదు, జరిగిపోయిన నష్టానికి వచ్చిన రసీదు. "ముందుగా సెలూన్‌లో కొంత నల్లబడితే తరువాత ఎండ ఏమీ చేయలేదు" అనే వాదం ఇల్లు అంటుకున్నాక బావి తవ్విన చందమే. అలా సంపాదించిన నలుపు ఇచ్చే రక్షణ ఎస్‌పీఎఫ్ మూడు, నాలుగు అంకెలను మించదు.

కాంతి జీవకణాన్ని గాయపరచగలదన్న సంగతికి ఆష్‌బర్న్‌లోనే ఒక నిదర్శనం ఉన్నది. హోవర్డ్ హ్యూస్ వైద్య సంస్థకు చెందిన జనీలియా పరిశోధనా ప్రాంగణం 2006లో ఇక్కడ ప్రారంభమైంది. అక్కడ పనిచేస్తున్న కాలంలోనే ఎరిక్ బెట్జిగ్ 2014 సంవత్సరపు రసాయనశాస్త్ర నోబెల్ బహుమతిని మరి ఇద్దరితో పంచుకున్నాడు. ఆయన బృందం అదే సంవత్సరం అతి పలుచని కాంతి పలకలతో సజీవ కణాలను చూసే సూక్ష్మదర్శిని విధానాన్ని ప్రకటించింది. కణం మీద పడే కాంతిని తగ్గించడం ఆ విధానపు ముఖ్య ప్రయోజనాలలో ఒకటి. కాంతి మితిమీరితే, చూడదలచిన కణమే చూస్తుండగా దెబ్బతింటుంది. ఒక్క కణాన్ని కాంతి నుంచి కాపాడుకోవడానికి శాస్త్రజ్ఞులు అంత శ్రమపడుతుండగా, శరీరాన్నంతటినీ రుసుము చెల్లించి మరీ దీపాల నడుమ పడుకోబెట్టడం విచిత్రమే.

వైద్యశాల నుంచి అంగడికి

కాంతి చికిత్స చరిత్ర గౌరవప్రదమైనదే. చర్మక్షయకు కాంతితో చికిత్స చేసినందుకు డెన్మార్క్ వైద్యుడు నీల్స్ ఫిన్సెన్‌కు 1903లో నోబెల్ బహుమతి లభించింది. పాదరసపు ఆవిరి దీపం కాంతితో పిల్లల రికెట్స్ వ్యాధి నయమవుతుందని 1919లో బెర్లిన్ వైద్యుడు కుర్ట్ హుల్ట్‌షిన్‌స్కీ నిరూపించాడు. భారతదేశంలో బొల్లికి బావంచి గింజల వాడకం ఆయుర్వేదానికి ప్రాచీన కాలం నుంచీ తెలుసు. ఆ గింజలలోని సోరాలిన్ అనే పదార్థం చర్మాన్ని కాంతికి మరింత స్పందించేటట్లు చేస్తుంది. ఆధునిక వైద్యం 1970లలో సోరాలిన్‌ను యూవీ-ఏ కిరణాలతో జోడించి సోరియాసిస్‌కు, బొల్లికి చికిత్సగా తీర్చిదిద్దింది. నేడు ఎక్కువగా 311 నానోమీటర్ల ఇరుకు పట్టీ యూవీ-బీ దీపాలను వాడుతున్నారు.

ఈ చికిత్సలన్నిటిలోనూ ఒక నియమం ఉన్నది. రోగం ఉన్నది, మోతాదు ఉన్నది, లెక్క చూసే వైద్యుడు ఉన్నాడు. అంగట్లోకి వచ్చిన దీపానికి ఈ మూడూ లేవు. 1970లలో జర్మనీలో ఫ్రెడరిక్ వుల్ఫ్ రూపొందించిన దీపాల మంచం ఆ దశాబ్దం చివరికి అమెరికా చేరి, తరువాతి కాలంలో ఊరూరా వెలసింది. ఈ మంచాలు ప్రధానంగా యూవీ-ఏ కిరణాలను వెదజల్లుతాయి. శక్తిమంతమైన మంచాలలో ఆ కిరణాల తీవ్రత మధ్యాహ్నపు ఎండలో ఉన్నదానికి పది నుంచి పదిహేను రెట్లు ఉండవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించింది.

2009లో ఆ సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన విభాగం టానింగ్ దీపాలను మనుషులకు నిశ్చయంగా క్యాన్సర్ కలిగించే మొదటి వర్గంలో చేర్చింది. పొగాకు, ఆస్‌బెస్టాస్ ఉన్న వర్గం అదే. యౌవనంలోనే ఈ అలవాటు మొదలుపెట్టినవారికి మెలనోమా అనే చర్మ క్యాన్సర్ ప్రమాదం 75 శాతం అధికమని అధ్యయనాల సంకలనం తేల్చింది. అమెరికా 2010లో టానింగ్ సేవల మీద పది శాతం పన్ను విధించింది. 2014లో ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఈ దీపాలను మరింత కట్టుదిట్టమైన తరగతికి మార్చి, 18 ఏళ్ళలోపువారు వాడరాదన్న హెచ్చరికను వాటి మీద ముద్రించాలని ఆదేశించింది. బ్రెజిల్ 2009లో వాటిని పూర్తిగా నిషేధించింది. వర్జీనియా 2020లో 18 ఏళ్ళు నిండనివారికి సెలూన్ ప్రవేశాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది.

చట్టం మంచిదే, కాని అది పద్దెనిమిదో పుట్టినరోజుతో ఆగిపోతుంది. పిల్లలు ఇల్లు విడిచి కళాశాలకు వెళ్ళే వయసు సరిగ్గా అదే. 2014లో వెలువడిన ఒక అధ్యయనం పేరున్న 125 అమెరికన్ కళాశాలలను పరిశీలించగా, దాదాపు సగం చోట్ల ప్రాంగణంలో గాని, విద్యార్థులుండే సమీప భవనాలలో గాని టానింగ్ సదుపాయం కనిపించింది. "తెలుగు పిల్లలకు ఆ అవసరమేమున్నది?" అనే ధీమా అన్నివేళలా చెల్లదు. స్నేహితులతోపాటు వెళ్ళేవారు, మొటిమలు తగ్గుతాయని విని వెళ్ళేవారు, మచ్చల మధ్య ఛాయ సరిపోతుందని వెళ్ళేవారు ఉండవచ్చు. బొల్లికి గాని, సోరియాసిస్‌కు గాని ఆసుపత్రి బదులు సెలూన్‌ను ఆశ్రయించడం మరింత ప్రమాదకరం. అక్కడి దీపం వేరు, మోతాదు వేరు.

తగిన లోషన్ ఏది?

సెలూన్‌కు వెళ్ళేవారిని మొదట ఎదుర్కొనే ప్రశ్న లోషన్ ఎంపిక. అల్మారాలో వరుసగా సీసాలు ఉంటాయి. వాటిని స్థూలంగా కొన్ని తరగతులుగా విభజించవచ్చు.

మొదటి తరగతి యాక్సిలరేటర్లు. వీటిలో టైరోసిన్ ఉంటుంది. మెలనిన్‌కు ముడిసరుకు టైరోసినే కనుక, దానిని పైన రాస్తే మెలనిన్ పెరుగుతుందని వ్యాపారి తర్కం. వినడానికి సబబుగానే ఉన్నది, కాని రుజువులు లేవు. శరీరంలో టైరోసిన్‌కు కొరత లేదు. ఇటుకలు కుప్పగా పడి ఉన్నచోట మరి నాలుగు ఇటుకలు గోడ అవతల నుంచి విసిరితే మేడ త్వరగా లేవదు.

రెండవ తరగతి "టింగిల్" లోషన్లు. ఇవి రక్తనాళాలను వెడల్పు చేసి చర్మాన్ని ఎర్రబరచి, చురచుర పుట్టిస్తాయి. ఆ మంటనే పనితనంగా భ్రమింపజేయడం వీటి రహస్యం. మూడవ తరగతి బ్రాంజర్లు. వీటిలోని రంగులో, డైహైడ్రాక్సీ అసిటోన్ అనే పదార్థమో చర్మానికి వన్నె పూస్తుంది. దీపం వల్ల వచ్చిందనుకునే రంగులో కొంత నిజానికి సీసాలోనిదే. ఇక నాలుగవ తరగతి కేవలం తేమ నిలిపే నూనెలు, సువాసనలు.

ఈ తరగతులకు చెందిన సీసాలలో సాధారణంగా సన్‌స్క్రీన్ ఉండదు. సన్‌స్క్రీన్ లేని టానింగ్ లేపనాల మీద ఆ సంగతిని, అవి కమలకుండా కాపాడలేవన్న సంగతిని విధిగా ముద్రించాలని అమెరికా నిబంధన. ఆ చిన్న అక్షరాలే సీసా మీద ఉన్న అక్షరాలన్నిటిలోనూ నమ్మదగినవి.

"ప్రకృతిసిద్ధం" అన్న ముద్ర చూసి నమ్మడం కూడా పొరపాటే. ఐరోపాలో ఒకప్పుడు కొన్ని టానింగ్ నూనెలలో బెర్గమాట్ అనే నిమ్మజాతి పండు తైలం కలిపేవారు. అందులోని బెర్గాప్టెన్ బావంచిలోని సోరాలిన్‌కు దగ్గరి చుట్టం. చర్మాన్ని త్వరగా నల్లబరుస్తుంది, క్యాన్సర్ ముప్పునూ పెంచుతుంది. అందుకే 1990లలో ఐరోపా దేశాలు ఎండ లేపనాలలో ఆ జాతి పదార్థాలను నామమాత్రపు స్థాయికి పరిమితం చేశాయి. వైద్యుడి చేతిలో మందు అయినదే వ్యాపారి చేతిలో విషమైంది.

కనుక టానింగ్ మంచానికి తగిన లోషన్ ఏది అన్న ప్రశ్నకు సమాధానం ఒక్కటే: అటువంటిది లేదు. కిరణాల హానిని హరించే లోషన్ అయితే నలుపు రాదు. నలుపు రానిచ్చే లోషన్ అయితే హాని ఆగదు.

రంగు మాత్రమే కావాలనుకునేవారికి కిరణాలతో పనిలేని మార్గం ఉన్నది. 1950లలో సిన్సినాటి విశ్వవిద్యాలయంలో ఈవా విట్‌గెన్‌స్టైన్ అనే పరిశోధకురాలు ఒక జీవక్రియ వ్యాధికి డైహైడ్రాక్సీ అసిటోన్‌ను పిల్లలకు తాగించి పరీక్షిస్తుండగా, ఒలికిన చోట చర్మం గోధుమరంగుకు మారడం గమనించింది. ఆ పదార్థం పైపొరలోని మృతకణాల అమినో ఆమ్లాలతో కలిసి రంగునిస్తుంది. రొట్టె కాలినప్పుడు ఎర్రబడేది ఈ తరహా చర్యతోనే. మృతకణాలు రాలిపోగానే, సుమారు వారం రోజులలో, రంగు కూడా పోతుంది. పైపూతగా వాడటానికి ఇది అనుమతి పొందినదే. తుంపరగా చల్లించుకునేటప్పుడు మాత్రం కళ్ళు, పెదవులు, ముక్కు కప్పుకోవాలి, పీల్చరాదు. ముందుగా మోచేతి మడతలో కొద్దిగా రాసి చూడటం మంచిది. ఈ రంగు ఎండను ఆపదు కాబట్టి బయటికి వెళ్ళేటప్పుడు సన్‌స్క్రీన్ వేరుగా రాసుకోవాలి. టానింగ్ మాత్రల జోలికి మాత్రం పోరాదు. వాటిలో వాడే కాంథాజాంథిన్ అనే రంగు కంటిపొరలో స్ఫటికాలుగా పేరుకున్న సందర్భాలు వైద్య గ్రంథాలకెక్కాయి.

పెరటి దారిన వచ్చే పూత

ఇంతవరకు చదివి, "ఇదంతా తెల్లవారి వేలంవెర్రి" అనుకునే పాఠకులు తమ ఇంటి అద్దం ముందరి డబ్బాలను కూడా ఒకసారి పరిశీలించాలి. తెలుగు భాషలోనే చిత్రమైన సంగతి ఉన్నది. తెల్లగా ఉన్న బిడ్డను "ఎర్రగా ఉన్నాడు" అంటారు. నల్లగా ఉన్న బిడ్డను "చామనఛాయ" అని మెత్తగా సవరిస్తారు. "నలుపు నారాయణుడు మెచ్చు" అనే సామెత చెప్పేవారే సంబంధాలు చూసేటప్పుడు ఆ సామెతను మరచిపోతారు. నీలమేఘశ్యాముడిని పూజగదిలో నిలుపుకున్న ఇంట్లోనే పిల్లకు రంగు తక్కువన్న దిగులు.

ఆ దిగులు మీద పెరిగిన వ్యాపారం చిన్నది కాదు. 1975లో భారతదేశపు అంగళ్ళకు వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ దశాబ్దాల తరబడి ఇంటింటి పేరైంది. 2020లో విమర్శల నడుమ ఆ పేరులోని "ఫెయిర్" పోయి "గ్లో" వచ్చింది. పేరు మారినంత సులభంగా మనసులు మారవు.

అసలు ప్రమాదం ఊరూపేరూ సరిగా లేని డబ్బాలలో ఉన్నది. పాదరసం టైరోసినేజ్‌ను అడ్డుకుని మెలనిన్‌ను తగ్గిస్తుంది. దానితోపాటు మూత్రపిండాలనూ, నాడీమండలాన్నీ దెబ్బతీస్తుంది. 2010లో కాలిఫోర్నియాలోనూ, ఈ వర్జీనియాలోనే ఉన్న కొన్ని కుటుంబాలలోనూ మెక్సికోలో తయారైన తెల్లబరిచే క్రీముల ద్వారా పాదరసం చేరినట్లు బయటపడింది. క్రీము రాసుకున్నవారికే కాక, అదే ఇంట్లో ఉంటూ ఏనాడూ దానిని వాడనివారి శరీరాలలోనూ పాదరసం హెచ్చుగా కనిపించిందని వ్యాధి నియంత్రణ కేంద్రాలు 2012లో నివేదించాయి. తువ్వాళ్ళు, దిండ్లు, తల్లి చేతి స్పర్శ – పాదరసానికి ఇవన్నీ దారులే.

కొన్ని క్రీములలో కలిసే స్టెరాయిడ్లు మొదట ముఖాన్ని నిగనిగలాడించి, తరువాత చర్మాన్ని పలుచబరచి, మొటిమలూ, ఎర్రని నరాల గీతలూ మిగులుస్తాయి. హైడ్రోక్వినోన్ వైద్యుడి పర్యవేక్షణలో మంగు మచ్చలకు ఉపయోగపడే మందే. విచ్చలవిడిగా ఏళ్ళ తరబడి వాడితే తెల్లబరచవలసిన చర్మాన్నే నీలినలుపుగా మార్చగలదు. అమెరికాలో 2020 చట్టం తరువాత దానిని వైద్యుడి చీటీ లేకుండా అమ్మరాదు. సూట్‌కేసులో అడుగున పెట్టి తెచ్చుకునే డబ్బాకు ఈ కట్టడి వర్తించదు. చట్టం చూడలేని చోట ఇంటి వివేకమే కాపలా కాయాలి.

రంగు విషయంలో హెచ్చుతగ్గులకు జన్యుశాస్త్రం కూడా ఆధారం చూపదు. జీబ్రా చేపల మీద జరిగిన పరిశోధన ద్వారా 2005లో ఎస్‌ఎల్‌సీ24ఏ5 అనే జన్యువుకు మేనిఛాయతో ఉన్న సంబంధం వెల్లడైంది. హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రజ్ఞులు పాలుపంచుకున్న పరిశోధన 2013లో మరొక అడుగు వేసింది. ఛాయను తేలికపరిచే ఆ జన్యుమార్పు ఐరోపావారిలోనూ, దక్షిణాసియావారిలోనూ ఒకే పూర్వీకుల నుంచి సంక్రమించినదని అది తేల్చింది. ఒకే జన్యువులో ఒకే ఒక్క అక్షరం తేడా పెళ్ళి సంబంధాలను నిర్ణయించడం కంటె అవివేకం మరొకటి ఉండదు.

విటమిన్ డి వాదం

టానింగ్ వ్యాపారుల చివరి అస్త్రం విటమిన్ డి. ఆష్‌బర్న్ సుమారు 39 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నది, హైదరాబాదు సుమారు 17 డిగ్రీల మీద ఉన్నది. శీతకాలపు వర్జీనియా ఎండలో విటమిన్ డి తయారుచేసే యూవీ-బీ కిరణాలు బాగా తగ్గిపోతాయి. ముదురు ఛాయగల చర్మానికి ఆ కిరణాలు మరింత సేపు కావాలి. కనుక కొరత నిజమే. కిటికీ పక్కన కూర్చుని పనిచేసినా లాభం లేదు. గాజు యూవీ-బీని దాదాపు ఆపివేసి, యూవీ-ఏలో చాలా భాగాన్ని లోపలికి పంపుతుంది.

అయినా దానికి మందు దీపాల మంచం కాదు. విటమిన్ డికి కావలసినది యూవీ-బీ, ఆ మంచం ప్రధానంగా ఇచ్చేది యూవీ-ఏ. ఆ వ్యాపారుల సంఘం టానింగ్ సురక్షితమని, విటమిన్ డి కోసం ఆరోగ్యకరమని చేసిన ప్రచారం మీద ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2010లో చర్య తీసుకున్నది. విటమిన్ డి చేర్చిన పాలు, చేపలు, గుడ్లు, అవసరమైతే మాత్రలు – కావలసినంత ఇవి ఇస్తాయి. 70 ఏళ్ళలోపు పెద్దలకు రోజుకు 600 యూనిట్లు, ఆపైన 800 యూనిట్లు అమెరికాలో సిఫారసు చేసిన మోతాదు. రక్తపరీక్ష చూసి, కొరత ఉంటే ఎంత తీసుకోవాలో వైద్యుడు చెబుతాడు.

నల్లబడతామన్న భయం ఈ కొరతను మరింత పెంచుతున్నది. ఎండ కన్నెరుగని చర్మానికి విటమిన్ డి అందదు. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థ పరిశోధకులు ఎండకు లోటులేని రాయలసీమ ప్రజలలోనే విటమిన్ డి కొరతను గుర్తించారు. ఆహారంలోని లోపాలు కూడా అందుకు కారణమే. ఎండ ఉన్నచోటనే ఇలా ఉంటే, ఏడాదిలో అనేక నెలలు ఎండ పలుచగా ఉండే చోట పిల్లలను రంగు కోసం నీడలో దాచడం ఏమి న్యాయం?

ఒక తెలుగువాడి కానుక

నలుపు వెనుక ఉన్న ప్రయోజనాన్ని వివరించే ప్రసిద్ధ సిద్ధాంతానికీ ఒక తెలుగువాడికీ సంబంధం ఉన్నది. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాల బృందం 1940లలో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. అది డీఎన్‌ఏ నిర్మాణానికీ, గర్భస్థ శిశువు వెన్నెముక సరిగా రూపొందడానికీ అవసరమైన విటమిన్. రక్తంలోని ఫోలేట్‌ను అతినీలలోహిత కిరణాలు విచ్ఛిన్నం చేయగలవని 1978లో ప్రచురితమైన పరిశోధన సూచించింది. దాని ఆధారంగా నీనా జబ్లాన్‌స్కీ, జార్జ్ చాప్లిన్ 2000లో ఒక సిద్ధాంతాన్ని విస్తరించారు. ఎండ తీవ్రంగా ఉన్న ప్రాంతాలలో ఫోలేట్‌ను కాపాడుకోవడానికి నల్లని ఛాయ, ఎండ తక్కువ ఉన్న ప్రాంతాలలో విటమిన్ డి కోసం పలుచని ఛాయ మానవజాతికి అలవడినవని దాని సారాంశం. అంటే నలుపు శాపం కాదు, తల్లి కడుపులోని బిడ్డకు తరతరాలుగా పట్టిన గొడుగు.

తెలుగిళ్ళలో గర్భిణికి కుంకుమపువ్వు పాలు తాగించడం ఆనవాయితీ. బిడ్డ ఎర్రగా పుడతాడని ఆశ. కుంకుమపువ్వుకు బిడ్డ ఛాయను మార్చే శక్తి లేదు. ఫోలిక్ ఆమ్లపు చిన్న మాత్రకు మాత్రం బిడ్డ వెన్నెముకను కాపాడే శక్తి ఉన్నది. ఆ మాత్ర వెనుక ఒక తెలుగువాడి జీవితకాలపు శ్రమ ఉన్నది. ఏది ఖరీదైనది, ఏది విలువైనది అన్న తేడా గుర్తించడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు.

చేయదగినవి

ఎండ నుంచి రక్షణ ముదురు ఛాయవారికీ అవసరమే. మెలనిన్ గొడుగు గట్టిదే గాని, చిల్లులు లేనిది కాదు. నల్లనివారిలో మెలనోమా అరుదు. వచ్చినప్పుడు తరచు అరికాలిలో, అరచేతిలో, గోటి కింద వస్తుంది, ఆలస్యంగా బయటపడుతుంది. అవి ఎండ తగలని చోట్లు కనుక అక్కడ సన్‌స్క్రీన్ కంటె కన్ను ముఖ్యం. గోటి కింద కొత్తగా పుట్టి వెడల్పవుతున్న నల్లని చార, అరికాలిలో మానని మచ్చ కనిపిస్తే వెంటనే వైద్యుడికి చూపించాలి.

వారాంతపు క్రికెట్‌కూ, ఈతకూ, నడకకూ వెళ్ళేవారు అతినీలలోహిత సూచిక మూడు దాటినప్పుడు టోపీ, పొడుగుచేతుల చొక్కా, నీడ, సన్‌స్క్రీన్ ఆశ్రయించాలి. సన్‌స్క్రీన్ మీద "బ్రాడ్ స్పెక్ట్రమ్" అనీ, ఎస్‌పీఎఫ్ 30 లేక అంతకు మించి అనీ ఉండాలి. 30 అంకె గలది యూవీ-బీలో దాదాపు 97 శాతాన్ని ఆపుతుంది. రెండు గంటలకొకసారి, ఈత తరువాత మరొకసారి రాయాలి. జింక్ ఆక్సైడు తెల్లగా తేలుతుందని బాధపడేవారు ఐరన్ ఆక్సైడు కలిపిన రంగు సన్‌స్క్రీన్లను ఎంచుకోవచ్చు. కంటికి కనిపించే కాంతి వల్ల ముదిరే మంగు మచ్చలకు కూడా అవి మేలు.

ఇవన్నీ చర్మం కోసం, రంగు కోసం కాదు. ఈ భేదం పిల్లలకు ఇచ్చే మాటలో వినిపించాలి. "నల్లబడతావు, లోపలికి రా" అన్న మాట బిడ్డకు తన శరీరం పట్ల సిగ్గు నేర్పుతుంది. "చర్మం కమిలిపోతుంది, టోపీ పెట్టుకుని ఆడుకో" అన్న మాట ఆరోగ్యం నేర్పుతుంది. సిగ్గు నేర్చిన బిడ్డ రేపు కళాశాలలో ఏ రంగు గిరాకీలో ఉంటే ఆ సీసా కొంటుంది. తెలుపు కోసం పాదరసపు డబ్బా అయినా, నలుపు కోసం దీపాల మంచం అయినా ఆమెకు ఒకటే.

ఛాయ అభిరుచి వ్యక్తిగత విషయమనీ, పెద్దలైనవారి స్వేచ్ఛలో జోక్యం తగదనీ కొందరు వాదిస్తారు. స్వేచ్ఛ అన్నది సరైన సమాచారం తరువాతి మాట. పదేళ్ళ బిడ్డ చెవిలో రోజూ పడిన మాట ఇరవై ఏళ్ళకు అభిరుచిగా బయటపడితే, దానిని స్వేచ్ఛ అనడం కష్టం.

తెలుగు సంఘాలు ఈ విషయంలో చేయగలిగింది చాలా ఉన్నది. సంచికలలో తెల్లబరిచే క్రీముల ప్రకటనలు నిరాకరించవచ్చు. వివాహ వేదికల దరఖాస్తులలో ఛాయ గడిని కొట్టివేయవచ్చు. ఆరోగ్య శిబిరాలలో చర్మవైద్యులను కూర్చోబెట్టి అరికాళ్ళు, గోళ్ళు చూపించే ఏర్పాటు చేయవచ్చు, ఇళ్ళలోని క్రీముల డబ్బాలను తెచ్చి చూపమనవచ్చు. పిల్లల తెలుగు తరగతులలో సుబ్బారావు జీవితాన్ని పాఠంగా పెట్టవచ్చు. వీటిలో దేనికీ పెద్ద ఖర్చు లేదు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. అమెరికన్ సమాజం వర్ణవివక్ష మీద తెలుగువారు చేసే విమర్శకు బలం రావాలంటే, ముందుగా తెలుగిళ్ళ అద్దాల ముందున్న డబ్బాలు ఖాళీ కావాలి.